ముంగిసను పెంచవచ్చునా?



మోర్తాడు ప్రాంతమునుండి ఒక సోదరి గడచిన నెలలో నాకొక జాబు వ్రాసినది. పేరు ప్రకటింపవలదని కోరినందున ప్రకటింపకున్నాను. ఆమె భర్త గల్ఫు దేశమున పని చేయుచున్నాడు. ఇంటిలో అత్తగారు, ఇద్దరు పిల్లలు, కొట్టమున రెండు బఱ్ఱెలు. మక్కచేను కోయుచుండగా, కూలికి వచ్చిన ఒకామె గట్టుక్రింద దొరికిన ముంగిస పిల్లను కొంగున వేసికొని తెచ్చి పిల్లల చేతికిచ్చినది. “పిల్లలు దానికి పాలు పోయుచున్నారు, పేరు గూడ పెట్టినారు. ముంగిస యున్న యింటికి పాము రాదు, ఉండనిమ్మని మా యత్తగారు. వలదని ఆయన ఫోనులో. పోయిన వానకాలమున మా కొట్టములో రెండుమాఱులు కట్లపాము కనబడినది. మగదిక్కు దూరమున నుండగా పిల్లలతో నుండుదానను గనుక, నాకును దాని నుంచుకొనవలెననియే యున్నది. ఏమి చేయుదును?” అని ఆమె ప్రశ్న.

మాసపత్రికలో జవాబు వెలువడునాటికి ముంగిస పిల్ల పెద్దదియే యగును గనుక, ఆమెకు వెంటనే వేఱుగా వ్రాసితిని. ఉంచుకొనవలదు, తెచ్చిన గట్టుననే విడువుమని ఆ జాబు సారాంశము. కారణములు మాత్రము ఆ చిన్న జాబులో పట్టలేదు. అదియుగాక, ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది కాదు. కోతల దినములలో పల్లెలందు ప్రతి వాడలోను ఏదో యొక పిల్లజంతువు చేనునుండి యింటికి వచ్చుచునే యుండును. చెఱకుతోటలో జంగుపిల్లి కూనలు, జొన్నచేనిలో చెవులపిల్లి పిల్ల, గాలివానకు చెట్టుపైనుండి రాలిన ఉడుతపిల్ల. తెచ్చువారు పిల్లలో మగవారో యైనను, వానికి పాలుపట్టు పని, తరువాత వచ్చు చిక్కులును గృహిణి నెత్తిననే పడును. అందుచేత ఈ నెల ఈ విషయమునే తీసికొంటిని.

మొదట అత్తగారి మాట. అది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ముంగిస పామును చంపుట కట్టుకథ కాదు. మన దక్కనువారు ఆ జంతువును ఎంతగా ఎఱుగుదురనగా, ఆంగ్లేయులు దానిని పిలుచు ‘మంగూస్’ అను పేరు మరాఠీ ‘ముంగూస్’, తెలుగు ‘ముంగిస’ మొదలగు మాటలనుండియే పోయినది. పాము కఱచినప్పుడు ముంగిస పొదలలోనికి పరుగెత్తి యేదో వేరు నమలి విషము విఱుచుకొనునని పెద్దలు చెప్పుట మీరును వినియుందురు. అట్టి వేరేదియు లేదు. దాని రక్షణ దాని దేహములోనే యున్నది. నరము పంపిన ఆజ్ఞను కండ అందుకొనుచోట సూక్ష్మమైన తాళమువంటి యేర్పాటొకటి యుండును. త్రాచుపాము విషము మన దేహమున ఆ తాళమున దూరి కూర్చుండును, ఆజ్ఞ అందక ఊపిరి నిలిచిపోవును. ముంగిస దేహములో ఆ తాళపు రూపము కొంచెము మాఱియుండుటచే విషము దానిని పట్టుకొనలేదు. ఇజ్రాయెలు దేశమందలి వైజ్‌మన్ విజ్ఞాన సంస్థవారు 1992లో ఈ సంగతి తేల్చి ప్రకటించిరి. అట్లని దానికి చావే లేదనుకొనరాదు. కాటు బలముగా పడిన అదియు చచ్చును. దానిని కాపాడునది విషమునకు లొంగని గుణముకంటె, కాటు తగులనీయని చుఱుకుదనమే.

ఇంతవరకు అత్తగారి మాట నిజము. అయితే రెండు సంగతులు అందు చేరలేదు. ముంగిసకు పాము దినభోజనము కాదు. పురుగులు, చిట్టెలుకలు, తొండలు, కప్పలు, పక్షుల గ్రుడ్లు, రాలిన పండ్లు, ఇవి దాని నిత్యాహారము. పాము కనబడిన విడువదు, అంతే. రెండవది మఱింత ముఖ్యము. మన బూడిదరంగు ముంగిస పగటి జంతువు. ప్రొద్దు గ్రుంకగానే బొరియలో ముడుచుకొని తెల్లవాఱువఱకు నిద్రించును. ఆ సోదరిని భయపెట్టిన కట్లపాము రాత్రి తిరుగునది; నేలపై పండుకొన్నవారిని నిద్రలో కఱచునది. పాము కొట్టమునుండి వసారాలోనికి ప్రాకు వేళకు, పిల్లలు పెంచుకొన్న ముంగిస బుట్టలో గాఢనిద్రలో నుండును. ఏ పనికై దానిని ఉంచుకొనవలెనని ఆ తల్లి యెంచినదో, ఆ పని దానిచేత కాదు.

ఈ పగలు రాత్రి తేడా తెలియకయే చెఱకుతోటల ధనవంతులొకప్పుడు పెద్ద పొరపాటు చేసిరి. బోధను చుట్టుప్రక్కల చెఱకు వేసిన కుటుంబముల ఆడువారికి తోటలో ఎలుక చేయు నష్టము నేను చెప్పనక్కఱలేదు. నిజాంసాగరు కాలువ నీరు వచ్చి, 1937లో బోధనునొద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసిన తరువాత ఆ సీమలో చెఱకే సంసారములను నడపినది. కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినను ఎలుకల ముచ్చట ఆ యిండ్లలో ఇంకను మఱపునకు రాలేదు. ఇట్టి బాధయే సముద్రముల కావల జమైకా ద్వీపమున నుండెను. అక్కడి తోటల యజమాని యొకడు 1872లో మన కలకత్తానుండి తొమ్మిది ముంగిసలను ఓడలో తెప్పించి విడిచెను. తొలి సంవత్సరములలో ఎలుకలు తగ్గినట్లే కనబడుటచే ప్రక్క ద్వీపములవారును వాని సంతతిని కొనిపోయిరి. 1883లో హవాయి ద్వీపములవారు తమ చెఱకుతోటలకై తెప్పించుకొనిరి. తరువాత జరిగినదేమనగా, ముంగిస పగలు తిరుగును, ఎలుక రాత్రి తిరుగును. ఎలుకలు చెట్లెక్కి బ్రతికినవి. ముంగిసలు నేలపై గూడు కట్టు పక్షులను, వాని గ్రుడ్లను, తాబేళ్ళ గ్రుడ్లను, కోళ్ళను తిని వృద్ధిపొందినవి. నేటికిని ఆ ద్వీపములు వానిని వదలించుకొనలేక యున్నవి. క్యూబా, పోర్టోరికో, గ్రెనడా మొదలగు చోట్ల పిచ్చికుక్క వ్యాధిని మోయు ముఖ్యజంతువుగ నిప్పుడు ముంగిసయే లెక్కింపబడుచున్నది. మన గట్టున మేలుచేయు ప్రాణి చోటు మాఱగానే ఎట్లు ఉపద్రవమైనదో చూడుడు.

ఇక పెంపకము మాట. “పాలు పట్టి, ఒడిలో పెట్టుకొని పెంచిన జంతువు మనదే యగును గదా!” అని మీరడుగవచ్చును. మచ్చికయగుట వేఱు, పెంపుడుజాతి యగుట వేఱు. పుట్టినది మొదలు పెంచిన యడవిజంతువు మనలను చూచి వెఱవదు, అది మచ్చిక. దాని రక్తములోని స్వభావము మాత్రము తల్లిదే. ఆవు, కుక్క, మేక మనతో నుండుటకు వేలకొలది యేండ్లుగా తరతరములు ఎన్నబడి వచ్చినవి. మన పొయ్యిగడ్డపై పండుకొను పిల్లి గూడ పశ్చిమాసియా అడవిపిల్లి సంతతియే గాని మన చెఱకుతోటలలోని జంగుపిల్లికి కూతురు కాదు. ఈ భేదమును కన్నులార చూపిన ప్రయోగమొకటి రష్యాలో జరిగినది. 1959లో బెల్యాయెవ్ అను శాస్త్రజ్ఞుడు నోవోసిబిర్స్కునొద్ద వెండినక్కలను తీసికొని, ప్రతి తరమునను మనుష్యుని చూచి తక్కువ బెదరు వానినే ఎంచి సంతానము కనిపించెను. ల్యుద్మీలా త్రూత్ అను విదుషీమణి ఆ పనిని తన జీవితమంతయు నడపినది. ఆఱవ తరము నాటికి తోకలాడించి, మనుష్యుని వెంట కూయుచు వచ్చు నక్కపిల్లలు కొన్ని పుట్టినవి. అవియు తొలినుండి బోనులలో పెరిగిన నక్కల సంతతియే, వానిని పెంచినవారు నిపుణులే. ఆఱు తరముల పని మన వసారాలో ఒక్క వేసవిలో జరుగునా?

ముంగిస పిల్ల మూడు నాలుగు నెలలవఱకు ముద్దుగనే యుండును. చెంగున వెంబడి తిరుగును, కొంగులో దూరును, గవ్వల గలగల వినబడిన పరుగెత్తివచ్చును. ఆ ముద్దు నేను కాదనను. పెద్దదైన పిదప అది యొక మనిషిని తన దానిగ నెంచుకొని, తక్కినవారు దగ్గఱకు వచ్చిన రోమములు నిక్కబొడుచుకొనును. తిను వేళ ముట్టినవారి వ్రేలు దానికి ఎలుకతోకతో సమానము. తోకక్రింది గ్రంధులలోని కంపు ద్రవమును పీటల మూలలకు, గడపకు రాచి తన హద్దు గుర్తించుకొనును. ఉట్టిమీది గ్రుడ్డు మిగులదు. కోడిపిల్లలు మీవైనను, పొరుగింటివారివైనను దానికి ఒకటియే. పొరుగువారికి మాత్రము ఒకటి కాదు. అప్పుడు దానిని మెడకు త్రాడు వేసి స్తంభమునకు కట్టుదురు. పాములవాండ్ర బుట్టప్రక్కన కట్టబడిన ముంగిసను మనలో చాలమంది చూచియుందురు. పగలంతయు మైళ్ళకొలది తిరుగవలసిన ప్రాణి మూరెడు త్రాటిపై అటునిటు ఊగుచుండుటను చూచి పిల్లలు నవ్వుదురు. పోనీ, అప్పుడైనను చేనిలో విడువవచ్చును గదా యనిన, ఎర పట్టుట తల్లివెంట నేర్చుకొనలేదు, కుక్కను చూచి వెఱచుట నేర్చుకొనలేదు. మనుష్యుల కాళ్ళయొద్దకే వచ్చి కఱ్ఱదెబ్బ తినును.

అన్నిటికంటె బరువైనది కాటు. పిచ్చికుక్క వ్యాధి మన దేశమున చాలవఱకు కుక్కలవలననే వచ్చుచున్నను, ముంగిస, నక్క మొదలగునవియు దానిని అంటింపగలవు. ఇంటికుక్కయో పిల్లియో కఱచినప్పుడు, టీకా మొదలుపెట్టుచునే దానిని పది దినములు కనిపెట్టి చూచుట వాడుక. పది దినములు అది ఆరోగ్యముగ నున్న, కఱచిననాడు దాని చొంగలో వ్యాధి లేదని నమ్మవచ్చును. అడవిజంతువులకు అట్టి లెక్క నిర్ణయింపబడలేదు. అందుచే మీ ముద్దుముంగిస గీరినను, వైద్యుడు దానిని పిచ్చిజంతువు కాటుగనే యెంచి సూదులు పూర్తిగ వేయవలసి వచ్చును. ఆ జంతువునకు వ్యాధి యున్నదా లేదా తెలిసికొనుట మెదడును పరీక్షించినగాని కాదు, అనగా దానిని చంపవలెను.

ఇది ఊహ కాదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఒక ఇంట ఏడేండ్లు బిడ్డవలె పెరిగిన ‘పీనట్’ అను ఉడుతను 2024 అక్టోబరు 30వ తేదీన అధికారులు పట్టుకొనిపోయిరి. ఆ తొందరలో అది ఒక ఉద్యోగిని కఱచినది. ఉడుతను, దానితోడి రాకూన్‌ను చంపి మెదళ్ళు పరీక్షింపగా రెంటికిని వ్యాధి లేదని తేలినది. లోకమంతయు ఆ ఉడుతకై కన్నీరు పెట్టినది. పెంచినవారి ప్రేమలో లోటున్నదని ఎవ్వరును అనజాలరు. ప్రేమ యున్నను జరుగునది ఇదియే యని మాత్రము నాకు తోచినది.

కాటు పడిన చోట పసుపు అద్దుట మన సీమలో అలవాటు. మోర్తాడు, ఆర్మూరు ప్రాంతములవారికి ఇంటినిండ పసుపే గనుక చేయి ముందుగ దానిమీదికే పోవును. పసుపు, కారము, సున్నము ఇవేవియు జంతువు కఱచిన గాయముపై వేయరాదు. ధారగా పాఱు నీటిక్రింద సబ్బుతో పదునైదు నిమిషములు గడియారము చూచి కడుగవలెను. తరువాత నాడే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. పూర్వము ఈ సూదుల పేరు చెప్పిన గుండె జల్లుమనెడిది. 1907లో కూనూరున పాస్టరు సంస్థ వెలసిన తరువాత చాలకాలమువఱకు కడుపుపై దినమొకటి చొప్పున పొడిచెడివారు. ఇప్పుడట్లు కాదు. చేతికి వేయు నాలుగైదు మోతాదులతో ముగియును. లోతైన గాయమైనచో గాయముచుట్టు వేఱొక మందు గూడ వేయుదురు. వ్యాధి లక్షణములు పైకి తేలిన పిదప మాత్రము బ్రదికించు మందు లేదనియే చెప్పవలెను. పిల్లలు తల్లి కొట్టునని వెఱచి చిన్న గాట్లను దాచుదురు. వారిని కోపపడకుండ అడిగి తెలిసికొనుడు.

చట్టము మాట రెండు వాక్యములలో చెప్పుదును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ముంగిస, చెవులపిల్లి, జంగుపిల్లి, దుప్పి మున్నగునవి రక్షిత ప్రాణులు, వానిని పట్టుట గూడ వేటగనే యెంచబడును. 2022లో సవరింపబడి 2023 ఏప్రిలు 1నుండి అమలులోనికి వచ్చిన రూపమున శిక్ష మూడేండ్లవఱకు చెఱ లేక లక్ష రూపాయలవఱకు జుల్మానా, లేక రెండును; మిక్కిలి రక్షణ పొందిన జాతుల విషయమున ఇంతకంటె హెచ్చు. చేనిలో దొరికిన పిల్లను కనికరించి తెచ్చినవారు సయితము నలువదియెనిమిది గంటలలోగా అటవీశాఖవారికో పోలీసు ఠాణాకో తెలుపవలెను. మగవారు ఊర లేని యిండ్లలో ఈ సంగతి ఇల్లాలికి తెలిసియుండుట మేలు.

తక్కిన ప్రాణుల గుఱించియు కొంచెము చెప్పవలసి యున్నది. చెవులపిల్లి విషయమున దయయే పాపమగుచున్నది. దాని పిల్ల కన్నులు తెఱచి, రోమములతో పుట్టును. తల్లి దానిని గడ్డిలో ఒంటరిగ కూర్చుండబెట్టి, శత్రువులకు జాడ తెలియకుండ దూరముగ మేయుచు, చీకటి వేళ వచ్చి పాలిచ్చి పోవును. కదలక కూర్చున్న ఆ పిల్లను చూచి, తల్లి లేనిదని జాలిపడి మనము తెత్తుము. తల్లి సాయంకాలము వచ్చి వెదకుకొనును. ఇంటికి తెచ్చినవానిలో చాల భాగము బెదరుచేతను, ఆవుపాలవలని విరేచనములచేతను కొలదిదినములలోనే చచ్చును. సంతలో అమ్ము తెల్లని సీమకుందేలు వేఱు జాతి. ఐరోపాలో బొరియలందు గుంపులుగ నుండు కుందేలునుండి తరతరములు పెంపబడి వచ్చినది. రెంటిని మన భాష ఒక్క పేరుతో పిలుచుటవలన ఈ మోసము జరుగుచున్నది. పిల్లలకు కుందేలు కావలసిన ఆ తెల్లదానిని పెంచుకొనవచ్చును.

ఉడుతపిల్ల రాలిన చెట్టుక్రిందనే చిన్న బుట్టలో ప్రత్తి పఱచి, చీమలు పట్టకుండ కొమ్మకు వ్రేలాడదీసి దూరముగ నుండుడు. తల్లి దానిని నోట కఱచుకొని వేఱు గూటికి చేర్చును. మనుష్యుని చేయి తగిలిన పిల్లను తల్లి ముట్టదనునది వట్టిమాట. చెఱకు నఱకునప్పుడు దొరకు కూనల సంగతియు ఇట్టిదే. మహారాష్ట్రమున జున్నరు ప్రాంతపు చెఱకుతోటలలో చిఱుతపులి కూనలు తఱచు దొరకుచుండును. అక్కడి అటవీశాఖవారు వానిని కొనిపోవక, దొరికిన చోటనే పెట్టెలో నుంచి దూరముగ కాచుకొని యుండగా, రాత్రి తల్లి వచ్చి తీసికొనిపోవుచున్నది. చిఱుతపులియే బిడ్డకై వచ్చుచుండగా జంగుపిల్లి రాకుండునా?

కోతిపిల్లను గూర్చి నేను గట్టిగ చెప్పుదును. నాలుగైదేండ్లకు మగకోతికి వ్రేలంత కోఱలు వచ్చును. అది యింటిలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న యని లెక్కించుకొని, తనకంటె చిన్నవారని తోచిన పిల్లలమీద పడును. ఇప్పుడు తెలంగాణ పల్లెలలో కోతుల బాధ ఎంత పెరిగినదనగా, గోదావరి కావల నిర్మలు జిల్లా చించోలియొద్ద వానికై ఒక పునరావాస కేంద్రమునే 2020లో తెఱచిరి. పిడికెడు పల్లీలు పెట్టి మచ్చిక చేసిన చేతులే ఈ బాధకు కొంత కారణమని నా నమ్మకము.

జింక మాట వచ్చినప్పుడు మన గ్రంథములు నా పక్షముననే యున్నవి. పర్ణశాలముందఱ మెఱసిన లేడిని ప్రాణముతో పట్టి తెచ్చిన అయోధ్యకు కొనిపోయి అంతఃపురమున నుంచుకొందమని సీతాదేవి కోరినది. ఆ కోరికవలన వచ్చినది మీకు తెలియును. భాగవతమున జడభరతుడు ముందటి జన్మమున రాజ్యమునే విడిచినవాడయ్యు, ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను తెచ్చి పెంచి, దాని ధ్యాసతోనే మరణించి లేడియై పుట్టెను. వేదాంతుల యర్థము వేఱుండుగాక. ఇంటి యర్థము నాకు ఇట్లు కనబడును. చేత పెరిగిన మగజింక మనుష్యుని చూచి వెఱవదు. కొమ్ములు వచ్చి మదించిన కాలమున మనుష్యునే తన పోటీదారుగ నెంచి పొడుచును. అడవిలోని దుప్పి మనలను చూచి పాఱిపోవును గనుకనే మనకు నిరపాయమైనది.

సరే, ముంగిసను విడిచిన పాముల మాటయేమి? ఆ సోదరికి నిజముగ కావలసినది దీనికి జవాబే. పాము ఇంటికి ఎలుకకై వచ్చును. కావున వడ్లబస్తాలు, మక్కలు గోడకు ఆనకుండ ఎత్తైన పలకలపై నుంచవలెను. ఎలుకబొక్కలను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూయవలెను. కట్టెలమోపులు, మక్కబెండ్ల కుప్పలు, పిడకల గూడు ఇంటిగోడకు దూరముగ వేయవలెను. తలుపు క్రింది సందును చెక్కపట్టీతో మూయవలెను. రాత్రి కొట్టమునకు పోవునప్పుడు చేత దీపము, కాళ్ళకు చెప్పులు. పిల్లలను నేలపై పండుకొనబెట్టరాదు. మంచముపై దోమతెర వేసి, దాని అంచులు పఱుపుక్రిందికి దోపవలెను. నేపాళదేశపు పల్లెలలో చేసి 2007లో ప్రకటించిన పరిశోధనలో దోమతెరలో నిద్రించువారికి పాముకాట్లు మిక్కిలి తక్కువగ నున్నట్లు తేలినది. ముంగిసకు పోసిన పాల ఖరీదుతో దోమతెర వచ్చును.

కట్లపాము కాటు నొప్పి తెలియక పోవచ్చును. రాత్రి నేలపై పండుకొన్న బిడ్డ తెల్లవాఱుజామున కడుపునొప్పి యనుచు, కనుఱెప్పలు వాల్చుచు, మాట తడబడుచున్నయెడల అజీర్ణమని వాము నూఱుచు కూర్చుండరాదు. కోయుట, పీల్చుట, గట్టిగ కట్టుట మాని, కదలకుండ పండుకొనబెట్టి వైద్యశాలకు చేర్పవలెను. విషమునకు విఱుగుడు మందు అక్కడనే యుండును.

చివఱకు, పిల్లను విడుచు విధము. ముంగిస పగటి జంతువు గనుక ఉదయమే కొనిపోవలెను. కుక్క వెంట రాకుండ చూడుడు. తెచ్చిన బొరియ తెలిసిన దాని వాకిటనే, తెలియకున్న ఆ గట్టుననే, నీడపట్టున, అంచు తక్కువగల గంపలో నుంచి, నూఱడుగుల దూరమున చెట్టుచాటున కూర్చుండుడు. పిల్లలను గూడ తీసికొనిపోవచ్చును గాని మాటలాడనీయరాదు. పిల్ల కిచకిచలాడును, ఆ కూతయే తల్లిని పిలుచును. తల్లి మొదట పొదలోనుండి తల యెత్తి నిలుచుండి చూచును, వెనుకకు పోవును, మరల వచ్చును. ఒక పూట రాకున్న నిరాశ వలదు. సాయంకాలము గంపను ఇంటికి తెచ్చి, గుడ్డచుట్టి వెచ్చగ నుంచి, మఱునాటి ఉదయము మరల అక్కడనే పెట్టుడు. ఆ రాత్రియే అటవీశాఖవారికి ఫోనుచేసి చెప్పియుంచుడు. రెండవ దినమున సయితము తల్లి రాకున్న వారికి అప్పగింపుడు. చేతులకు మందపు గుడ్డ చుట్టుకొనక దానిని ఎత్తరాదు. పిల్లదైనను పండ్లు సూదులే.

గట్టునకు ముంగిస వచ్చుచుండవలెనని కోరిక యున్నయెడల, చేని యంచున ఈతపొదను, తంగేడును కొంచెము మిగుల్చుడు. గట్టు పొడవునను నిప్పు పెట్టకుడు. అది తన యిష్టమున వచ్చి, కొట్టము వెనుకనుండి పగలు రెండుమాఱులు ఎలుకల వెదకి పోవును. కోళ్ళను మాత్రము చీకటిపడకమునుపే గంపక్రింద మూయవలెను, తెల్లవాఱిన తరువాత మీరు వాకిట నున్నప్పుడే విడువవలెను.